ఉమ్మడి పెనం మీద వండే డైనర్ మెనూలో ‘గ్లూటెన్-ఫ్రీ’ అని రాయవచ్చా?

చర్చకు పెట్టిన ప్రశ్న

అమెరికాలోని చాలా డైనర్లలో (సాదాసీదా హోటళ్లలో) పాన్‌కేకులు (మైదాపిండి అట్లు), ఆమ్లెట్లు ఒకే పెద్ద ఇనుప పెనం మీద తయారవుతాయి. అటువంటి చోట కొన్ని వంటకాల పక్కన ‘గ్లూటెన్-ఫ్రీ’ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లేనిది) అనే గుర్తు పెట్టి, మెనూ అడుగున చిన్న అక్షరాలతో ‘మా వంటగదిలో గోధుమ వాడతాము, పూర్తి హామీ ఇవ్వలేము’ అని రాయడం సమంజసమేనా? సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవారూ, వంటగదిలో పనిచేసినవారూ తమ అభిప్రాయాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం

డైనర్ వంటగదిలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, సమంజసమే. ఆదివారం ఉదయం రద్దీలో పెనం ముందు నిలబడేది ఒకరో ఇద్దరో. రెండో పెనానికి గానీ, రెండో ఫ్రైయర్‌కు (నూనెలో వేయించే పాత్రకు) గానీ చాలా చోట్ల స్థలం ఉండదు. వ్యాధి లేకపోయినా గోధుమ తగ్గించుకుందామని వచ్చేవారు చాలామంది ఉంటారు. వారికి ఆ గుర్తు నిజంగా ఉపయోగపడుతుంది. సంపూర్ణ భద్రత ఉంటేనే గుర్తు పెట్టాలని పట్టుబడితే యజమానులు దాన్ని పూర్తిగా తీసివేస్తారు. అప్పుడు సీలియాక్ ఉన్నవారు ప్రతి వంటకం గురించీ మొదటి నుంచీ ఆరా తీయవలసి వస్తుంది.

రెండవ సమాధానం

మా అమ్మాయికి సీలియాక్ వ్యాధి ఉంది కనుక ఈ విషయంలో నేను తటస్థంగా ఉండలేను. పైన రాసిన మిత్రులు చెప్పిన ఇబ్బందులు వాస్తవమే. అయితే ‘గ్లూటెన్-ఫ్రీ’ అనే మాటకు ప్రభుత్వం నిర్ణయించిన కొలత ఒకటి ఉంది. ‘గ్లూటెన్-ఫ్రీ’ అని రాసిన ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో నిబంధన తెచ్చింది. అది ప్యాకెట్లలో అమ్మే ఆహారం కోసం చేసినదే అయినా, ఆ మాట వాడే రెస్టారెంట్లు కూడా అదే నిర్వచనానికి కట్టుబడి ఉండాలని ఆ సంస్థే చెప్పింది. ఈ లెక్కన 200 గ్రాముల ఆమ్లెట్‌లో గ్లూటెన్ 4 మిల్లీగ్రాములకు చేరకూడదు. మైదాలో సుమారు పదో వంతు గ్లూటెనే కనుక, 40 మిల్లీగ్రాముల మైదా తగిలితే చాలు, ఆ హద్దు దాటిపోతుంది. అది చిటికెడు కూడా కాదు. పాన్‌కేకులు తిప్పిన అట్లకాడ అంచున ఎండి అంటుకున్న పిండి ఒక్కటే అంత ఉండగలదు.

పెనం వేడికి అంతా మాడిపోతుందని కొందరు వంటవారు మనస్ఫూర్తిగా నమ్ముతారు. గ్లూటెన్ వేడికి చచ్చే క్రిమి కాదు, అది ప్రోటీన్, కడిగి తొలగించవలసిందే. ఇక కొన్ని చోట్ల ఆమ్లెట్ బాగా పొంగాలని గుడ్డు సొనలోనే పాన్‌కేక్ పిండి కలుపుతారు. గుడ్డు వంటకంలో మైదా ఉంటుందని తినేవారు ఊహించరు, వడ్డించేవారికీ ఒక్కోసారి తెలియదు.

‘కాస్త తగిలితే ఏమవుతుంది’ అనేవారికి ఒక మాట. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకున్న సీలియాక్ రోగుల చిన్నపేగు లోపలి పొర దెబ్బతిన్నట్లు తేలింది. కడుపునొప్పి రాలేదు కనుక హాని జరగలేదని అనుకోవడానికి వీలులేదు.

ఆ గుర్తు ఉన్న ఒక డైనర్‌లో మా అమ్మాయి ప్లేటులో గుడ్ల పక్కన టోస్టు పెట్టి తెచ్చారు. వద్దన్నామని లోపలికి తీసుకువెళ్లి, టోస్టు తీసివేసి, అదే ప్లేటు తిరిగి తెచ్చారు. గుడ్డు అంచుకు రొట్టె పొడి ఇంకా అంటుకునే ఉంది. మరో డైనర్ మెనూలో ఏ గుర్తూ లేదు. అక్కడి వంటాయన మేము చెప్పినదంతా విని, చేతులు కడుక్కుని, కడిగిన చిన్న బాణలి పొయ్యి మీద పెట్టి, మా ముందే గుడ్లు పగలగొట్టాడు. అందుకే నేను కోరేది గుర్తు కాదు. ‘ఇందులో గోధుమ వేయము, కానీ ఉమ్మడి పెనం మీద వండుతాము’ అని ఆ వంటకం పక్కనే, అదే సైజు అక్షరాలతో రాయాలి. గోధుమ తగ్గించుకునేవారికి అది సరిపోతుంది, మాకు ప్రమాదం ముందే తెలుస్తుంది.

మొదటి సమాధానం రాసినవారి స్పందన

అలా రాయడానికి నాకు అభ్యంతరం లేదు. విడిగా బాణలి పెట్టడమూ సాధ్యమే, కాకపోతే రద్దీ తగ్గిన వేళ వచ్చి, ఆర్డరు ఇచ్చేటప్పుడే వ్యాధి సంగతి చెబితే వంటవారు నిదానంగా చేయగలుగుతారు. ఉమ్మడి ఫ్రైయర్‌లో వేగిన బంగాళాదుంపలకు మాత్రం గుర్తు ఉంచవచ్చని నా ఉద్దేశం, ఎందుకంటే వాటిలో మేము వేరే ఏదీ కలపము.

రెండవ సమాధానం రాసినవారు

వేళ చూసుకుని రావడం మాకు కష్టం కాదు, ముందుగా చెప్పడం మా బాధ్యతే. ఫ్రైయర్ విషయంలో మాత్రం అంగీకరించలేను. పిండి పట్టించిన చికెన్ నుంచి, ఉల్లి చక్రాల నుంచి రాలిన పొడి ఆ నూనెలోనే తేలుతూ బంగాళాదుంప ముక్కలకు పట్టుకుంటుంది. మీరు చేత్తో కలపకపోయినా నూనె కలుపుతుంది. వాటి పక్కన కూడా ‘ఉమ్మడి నూనె’ అనే రాయండి.