చరిత్రని సింధు నాగరికత నుంచి మొదలుపెడితే వైజాగ్ ఎప్పుడొస్తుంది?

ఎంవీపీ అమ్మ:
పాపకి పదేళ్లు, బాబుకి ఏడు. ఇద్దరికీ ఇంట్లోనే చదువు. చరిత్ర వరసగా చెబుదామని జూన్‌లో హరప్పాతో మొదలుపెట్టాను. ఇప్పటికి అశోకుడి దగ్గర ఆగాం. నిన్న బాబు "అశోకుడు, అల్లూరి ఫ్రెండ్సా?" అన్నాడు. పాపేమో "మన ఊరు ఎప్పుడొస్తుందమ్మా?" అని రోజూ అడుగుతోంది. వరస వదిలేయాలా? పదో తరగతి పరీక్ష టెన్షన్ కూడా ఉంది.

రిటైర్డ్ సోషల్ టీచర్:
వరస వదలకండమ్మా. కళ్లకి కనబడేలా చేయండి. బిల్లు మెషిన్ పేపర్ రోల్ కొని వెయ్యేళ్లకి ఒక మీటరు లెక్కన గోడకి అంటించండి. హరప్పా నుంచి ఇవాళ్టికి నాలుగున్నర మీటర్లు దాటుతుంది. ప్లాసీ యుద్ధం జరిగిన 1757 నుంచి స్వాతంత్ర్యం వచ్చిన 1947 దాకా ఎంతో కొలవమనండి. పందొమ్మిది సెంటీమీటర్లు, జానెడు కూడా రాదు! మా స్కూల్లో ఏడాదంతా ఆ జానెడే చెప్పేవాళ్లం.

అశోకుడి దగ్గరున్నారు కాబట్టి తర్వాత వైజాగ్ దగ్గరి పాత బౌద్ధారామం తొట్లకొండకి తీసుకెళ్లండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. పైదాకా రోడ్డుంది, ఎండెక్కకముందే వెళ్లండి. సింహాచలంలో 1098-99 నాటి కులోత్తుంగ చోళుడి శాసనం ఉంది. ఆయన, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడి కొడుకే. అది చెప్తే తెలుగు పాఠం కూడా అయిపోతుంది.

భీమిలి నాన్న:
నేనైతే వెనక నుంచి మొదలుపెట్టాను. బీచ్ రోడ్డు మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ వేసిన బాంబుల్లో పేలనిది ఒకటుంది. మావాడు దాన్ని చూసి కదల్లేదు. తర్వాత మా భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి, అప్పుడే టెన్షన్ దేనికండీ?

ఎంవీపీ అమ్మ:
మాస్టారూ, రోల్ అంటించాం. హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. బాంబు కూడా రాసేశాం, ముందే వచ్చినా దాని చోట అది ఉంది. ఒక్కటే గొడవ. తన ఏడేళ్లు ఏడు మిల్లీమీటర్లేనని బాబు ఏడుపు. రాబోయే ఏళ్లు నేరుగా గోడ మీద స్కెచ్ పెన్నుతో గీసేశాడు. ఇల్లు అద్దెది.