ఎండాకాలం వస్తే చాలు మనసు బాగుండటం లేదు, చలికాలంలో ఏమీ ఉండదు. ఇంకెవరికైనా ఇలా ఉందా?

కర్నూలు పిల్ల:
మాది కర్నూలు, కల్లూరు వైపు. ఎక్కడ చదివినా చలికాలంలో డిప్రెషన్ అనే రాస్తారు, నాకు మాత్రం పూర్తిగా ఉల్టా. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా బాగుంటాను, వండుతాను, నలుగురిలోకి పోతాను. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది కదా, దాని వెంటే నా నిద్ర కూడా పోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అన్నం సయించదు, ఎవరు పలకరించినా కసురుకుంటాను, కసిరాక బాత్‌రూంలోకి పోయి ఏడుస్తాను. దిగులు అని కూడా అనలేను, ఒక చోట కూర్చోలేనంత గిలగిల. మొదటి మంచి వాన పడ్డాక మెల్లగా తేలికవుతుంది. ఏటా ఇదే. మా అత్తమ్మ "ఎండ నీ ఒక్కదానికేనా కొట్టేది" అంటుంది, అదీ నిజమే. ఇది జబ్బా, లేక నాకే ఓపిక తక్కువా? డాక్టర్ దగ్గరికి పోతే నవ్వుతారేమోనని టెన్షన్.

కడప మిద్దె:
పై అంతస్తులో ఉంటారా? ముందు అది చెప్పండి. మా కడపలో స్లాబు పగలంతా కాగి, ఆ వేడిని అర్ధరాత్రి దాటినా వదులుతూనే ఉంటుంది, ఫ్యాన్ వేస్తే అదే వేడి మీద పడుతుంది. ఒళ్లు కాస్త చల్లబడితేనే నిద్ర పట్టేది, వారాల తరబడి అది లేకపోతే ఎవరికైనా పిచ్చెక్కుతుంది. మేము మిద్దె మీద సున్నం కొట్టించి, పడక కింది గదికి మార్చాం, సాయంత్రం టీ మానేశాను. కూలర్ ఉంటే ఎదురు కిటికీ తెరిచి పెట్టండి, మూసేస్తే ఉక్క తప్ప ఏమీ మిగలదు. మనసు మొత్తం బాగైందని చెప్పను గానీ, కసురుకోవడం తగ్గిందని మా ఆయనే అన్నాడు.

సీమ పెద్దాయన:
మా కాలంలో ఏసీలు ఉన్నాయా అమ్మా? పొద్దున్నే అంబలి తాగి వేపచెట్టు కింద మంచం వేసుకునేవాళ్లం. అన్నిటికీ డిప్రెషన్ అని పేరు పెడితే ఎట్లా.

మెడికల్ షాపు అన్న, అనంతపురం:
పెద్దాయనా, అంబలి మంచిదే, కాదనను. కానీ ఆ పాప చెప్పింది ఉత్త ఉడుకు కాదు. ఋతువును బట్టి వచ్చే డిప్రెషన్ గురించి 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ వాళ్లు రాశారు, 1987లో థామస్ వేర్‌తో కలిసి ఎండాకాలంలో వచ్చే రకం గురించీ రాశారు. చలికాలపు రకంలో నిద్ర ఎక్కువ, తిండి ఎక్కువ, బరువు పెరుగుతారు. ఎండాకాలపు రకంలో నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, లోపల గిలగిల. అమ్మా, మీరు రాసింది దీనికి దగ్గరగానే ఉంది, అయినా తేల్చాల్సింది డాక్టరే. థైరాయిడ్ ఎక్కువైనా వేడి ఓర్చుకోలేరు, చిరాకు, నిద్రలేమి ఉంటాయి, కాబట్టి ఆ టెస్ట్ ముందు చేయించండి. పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది, అక్కడ ఎవరూ నవ్వరు. ఫోన్‌లో మాట్లాడాలంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ లైన్ 14416, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే టెస్టులూ అవీ తర్వాత, అప్పటికప్పుడు ఆ నంబరుకు చేయండి.

చదివే మిగతావాళ్లకు ఒక మాట. ఇప్పటికే మందులు వాడుతుంటే ఈ ఎండల్లో జాగ్రత్త. మూడ్ మరీ ఎక్కువా తక్కువా కాకుండా ఇచ్చే లిథియం వాడేవాళ్ల ఒంట్లో నీళ్లు తగ్గితే మందు రక్తంలో పేరుకుని విషమవుతుంది. మానసిక జబ్బుల మందుల్లో కొన్ని చెమట పట్టనివ్వవు, కొన్ని ఎక్కువ పట్టిస్తాయి. అలాగని సొంతంగా ఆపేయొద్దు, రాసిన డాక్టర్‌ను అడగండి.

ఆదోని అక్క:
నాకు జబ్బు సంగతి తెలియదు గానీ, ఎండాకాలం అంటే ఎండ ఒక్కటేనా చెల్లీ? పదకొండు నుంచి ఐదు దాకా కిటికీలు మూసుకుని చీకట్లో కూర్చోవడం, పిల్లలు ఇంట్లోనే, పెళ్లిళ్ల చదివింపులు, కరెంటు బిల్లు, జూన్ రాగానే స్కూలు ఫీజులు. బయటి దేశాల్లో మంచుకు తలుపులు వేసుకుంటారు, మనం ఎండకు వేసుకుంటాం, మనిషి మొహం కనపడకపోవడం రెండు చోట్లా ఒకటే. నేనైతే తెల్లవారుజామునే పక్కింటామెతో నడకకు పోతాను. నడక సాకు, మాటలకే పోయేది.

కర్నూలు పిల్ల:
పై అంతస్తే, పైగా అద్దె ఇల్లు. సున్నం సంగతి ఓనర్‌ను అడుగుతాను. పెద్దాయనా, కోపం లేదు, అంబలి రోజూ తాగుతూనే ఉన్నా. అన్నా, థైరాయిడ్ టెస్ట్‌కు పరగడుపున పోవాలా?

మెడికల్ షాపు అన్న, అనంతపురం:
అక్కర్లేదమ్మా. జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్లలు గానీ వేసుకుంటున్నారా? వేసుకుంటుంటే ల్యాబ్‌లో ముందే చెప్పి, టెస్ట్‌కు రెండు రోజుల ముందు ఆపండి, లేకపోతే థైరాయిడ్ లేకున్నా ఉన్నట్టు రిపోర్ట్ వచ్చే అవకాశం ఉంది.