సి6హెచ్0 అంటే ఏంటి? కెంటకీలో ఒక కాలేజీ గోడ మీద ఉంది

రసాయనం_మేడమ్:
మా అమ్మాయి లెక్సింగ్టన్‌లో ఎమ్మెస్ చేస్తోంది, పోయిన వారం ఫ్రెండ్స్‌తో డాన్‌విల్ అనే చిన్న ఊరెళ్ళి సెంటర్ కాలేజీ క్యాంపస్‌లో ఒక ఇటుక గోడ ఫొటో తీసి పంపింది, దాని మీద తెల్ల పెయింట్‌తో సి6హెచ్0 అని ఉంది, అమ్మా నువ్వు కెమిస్ట్రీ కదా ఇదేంటో చెప్పు అంది. ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి చెప్తున్నా, బెంజీన్‌లోంచి హైడ్రోజన్లన్నీ పీకేసినట్టుంది గానీ ఫార్ములాలో సున్నా ఎవరూ రాయరు కదా. పాత ఫుట్‌బాల్ మ్యాచ్ స్కోరు అని అక్కడెవరో చెప్పారట, మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. నాకు ఆ ఆట ఓనమాలు కూడా రావు, తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి ప్లీజ్.

పాతఆటలు:
మేడమ్ అది స్కోరే. సి అంటే సెంటర్, హెచ్ అంటే హార్వర్డ్. 1921 అక్టోబర్ 29న బోస్టన్‌లో హార్వర్డ్ వాళ్ళ సొంత స్టేడియంలో సెంటర్ 6-0తో గెలిచింది. అప్పటికి సెంటర్‌లో చదివేది మూడొందల మంది లోపే, మన జూనియర్ కాలేజీలో ఒక గ్రూపు పిల్లలంత అనుకోండి. హార్వర్డేమో 1920 జనవరి 1న రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో ఒరెగాన్ యూనివర్సిటీని 7-6తో కొట్టిన టీమ్, ఏళ్ళ తరబడి ఓటమి ఎరగదు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ వాళ్ళు ఆ యాభై ఏళ్ళలో ఎవరూ ఊహించని అతి పెద్ద ఫుట్‌బాల్ గెలుపు ఇదేనన్నారు.

కానీ నాకైతే అసలు కథ అంతకుముందు ఏడాదిది. 1920లో కూడా సెంటర్ హార్వర్డ్‌కి వెళ్ళి ఆడింది, హాఫ్ టైమ్‌కి 14-14, తర్వాత నిలబడలేక 31-14తో ఓడిపోయారు. బాగా ఆడారని మ్యాచ్ బంతిని గుర్తుగా ఇవ్వబోతే సెంటర్ క్వార్టర్‌బ్యాక్ (ఎటాక్‌ని నడిపించే ఆటగాడు) బో మెక్‌మిలిన్ తీసుకోలేదు, వచ్చే ఏడాది వచ్చి గెలుచుకుని తీసుకెళ్తాం అన్నాడు. ఓడినోడు ఆ మాట అనడం తేలికే, ఏడాది తిరిగేసరికి చేసి చూపించాడు చూడండి, ఇప్పటికీ అది తల్చుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

రసాయనం_మేడమ్:
అబ్బ ఎంత బాగుందండీ. మరి ఆ 6 ఎలా వచ్చింది, ఆరు గోల్సా?

పాతఆటలు:
కాదు మేడమ్, ఒక్క దెబ్బకే 6. బంతి పట్టుకుని అవతలి వాళ్ళ చివరి గీత దాటితే టచ్‌డౌన్, దానికి 6, ఆ తర్వాత బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి తన్నితే ఇంకో 1, అది మిస్సయింది. మొదటి సగంలో ఎవరికీ ఏమీ రాలేదు. మూడో క్వార్టర్ మొదట్లోనే మెక్‌మిలిన్ బంతి తీసుకుని ఒక పక్కకి పరిగెత్తి, వాళ్ళంతా అటు మళ్ళగానే ఠక్కున ఆగి లోపలికి కోసుకుంటూ 32 గజాలు వెళ్ళిపోయాడు. మన కబడ్డీలో మంచి రైడర్ గీత దగ్గర నడుం తిప్పి తప్పించుకుంటాడే, అలాగ. మిగతా టైమంతా ఆ 6 కాపాడుకోవడమే, అదీ ఎటాక్ చేసినవాళ్ళే డిఫెన్స్ కూడా ఆడే రోజుల్లో.

ఫెయిర్‌ప్లే99:
గెలుపు గొప్పదే, కాదనను. కానీ అంత చిన్న కాలేజీకి ఆ టీమ్ ఊరికే పుట్టలేదు. మెక్‌మిలిన్ కెంటకీ వాడు కాదు, టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ కుర్రాడు, వాళ్ళ హైస్కూల్ కోచ్ మయర్స్ సెంటర్‌కి రావడంతో ఆ కుర్రాళ్ళూ వెనకే వచ్చారు. ఆట కోసం తెచ్చుకున్నవాళ్ళే కదా, ఇది కూడా చెప్పాలి.

పాతఆటలు:
నిజమే అన్నా, నేను చెప్పాల్సింది. కాకపోతే కాలేజీలో చేరడానికి చదువు సరిపోక మెక్‌మిలిన్ ముందు కెంటకీలోనే సోమర్‌సెట్ హైస్కూల్లో ఒక ఏడాది కూర్చున్నాడు, అది కూడా లెక్కలోకి తీసుకోండి. మయర్స్ కూడా తనకంటే ఈ పిల్లల్ని చార్లీ మోరన్ బాగా తీర్చిదిద్దుతాడని కోచింగ్ ఆయనకి అప్పజెప్పాడు, ఎంతమంది చేస్తారు ఆ పని. మోరన్ ఎండాకాలంలో బేస్‌బాల్ నేషనల్ లీగ్‌లో అంపైర్ కూడా.

డల్లాస్_తెలుగు:
ఆ సీజన్ చివర మా ఊళ్ళో జరిగింది కాబట్టి నేను కలుపుతా. రెగ్యులర్ సీజన్ మొత్తంలో సెంటర్ 282 పాయింట్లు కొట్టి ఇచ్చింది 6, అది కూడా సెయింట్ జేవియర్ మీద ఒక్క మ్యాచ్‌లోనే, ట్రాన్సిల్వేనియా అనే కాలేజీని అయితే 98-0, కెంటకీ యూనివర్సిటీని 55-0. క్రిస్మస్ అప్పుడు శాన్‌డియేగోలో అరిజోనా యూనివర్సిటీని 38-0తో కొట్టి, అట్నుంచి 1922 జనవరి 2న డల్లాస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మీద ఆడటానికొచ్చారు. ఆ పొద్దున్నే మెక్‌మిలిన్ పెళ్ళి! మధ్యాహ్నం 22-14తో ఓటమి, సీజన్‌లో ఓడింది ఆ ఒక్కటే. అటు ఏ అండ్ ఎం వాళ్ళకి దెబ్బలు తగిలి బెంచీ ఖాళీ అయిపోతుంటే పైన కూర్చున్న కింగ్ గిల్ అనే కుర్రాడిని బైబుల్ అనే పేరున్న వాళ్ళ కోచ్ కిందకి పిలిచాడు, అతను దెబ్బ తగిలినోడి డ్రెస్సే వేసుకుని ఆట అయ్యేదాకా గీత పక్కన రెడీగా నిలబడ్డాడు, దిగాల్సిన అవసరం రాలేదు. ఇప్పటికీ ఏ అండ్ ఎం స్టూడెంట్స్ మ్యాచ్ అంతా నిలబడే చూసేది అందుకే, టీమ్‌లో పదకొండు మందే కాబట్టి దాన్ని ట్వెల్త్ మ్యాన్, అంటే పన్నెండో ఆటగాడు, అంటారు.

రసాయనం_మేడమ్:
అందరికీ చాలా థాంక్సండీ. ఇదంతా మా అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించా, ఈసారి ఆ గోడ పక్కన తను నిలబడి ఫొటో దిగుతుందట, ఫస్టియర్ వాళ్ళకి రేపు బెంజీన్ క్లాసుంది, బోర్డు మీద ముందు ఇదే రాస్తా.