బీపీ లేకపోయినా టెల్మిసార్టాన్ ఎందుకు? హెచ్ఐవీ, కిడ్నీ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్తే, మాది గుంటూరు. మా బాబాయ్‌కి హెచ్ఐవీ ఉంది, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన మాత్ర మానకుండా వేసుకుంటాడు. ఈమధ్య యూరిన్‌లో సబ్బు నురగలా వస్తోందంటే టెస్ట్ చేయించాం, ప్రోటీన్ 3+, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే బ్లడ్ టెస్ట్) 1.6. బీపీ మాత్రం 120/80, అయినా డాక్టర్ గారు టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మాత్ర రాశారు, ఎందుకు సార్ అంటే "కిడ్నీ కోసమేనమ్మా" అని ఇంకో పేషెంట్‌ని పిలిచేశారు.

నేను చదివిందాన్ని బట్టి వైరస్ కిడ్నీ ఫిల్టర్‌లో ఉండే పోడోసైట్లనే కణాల్లోకే దూరుతుందంట, దాని నెఫ్, వీపీఆర్ జీన్లు వాటిని పాడుచేస్తాయి, పైగా రెనిన్-యాంజియోటెన్సిన్ హార్మోన్ సిస్టమ్ కూడా రెచ్చిపోయి ఫిల్టర్ లోపల ప్రెషర్ పెరిగి, మచ్చలు కట్టి ప్రోటీన్ లీకవుతుంది, అంటే చేతికి పట్టీ కట్టి చూసే బీపీ బాగున్నా లోపలి కథ వేరే అన్నమాట. టెల్మిసార్టాన్ ఆ యాంజియోటెన్సిన్‌నే అడ్డుకుంటుంది కాబట్టి రాశారనుకుంటున్నా, కరెక్టేనా?

ఇంకోటి, డోలుటెగ్రవిర్ వల్ల కిడ్నీ బాగున్నా క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపిస్తుందంట, టెనోఫోవిరేమో నిజంగానే ట్యూబుల్స్‌ని (కిడ్నీలోని సన్న గొట్టాల్ని) దెబ్బతీయొచ్చు. మరి మాది వైరసా, మందా ఎలా తేలుతుంది, బయాప్సీ తప్పదా? టెల్మిసార్టాన్‌తో పొటాషియం పెరుగుతుందంటున్నారు, ఈయనేమో రోజూ కొబ్బరిబోండం లేందే ఉండడు, ఆపించాలా? బ్లడ్ టెస్ట్ మళ్ళీ ఎప్పుడు చేయించాలి?

విజయవాడలో అయినా సరే, హెచ్ఐవీ అనగానే మొహం అదోలా పెట్టకుండా ఓపిగ్గా చూసే నెఫ్రాలజిస్ట్ తెలిస్తే మెసేజ్ పెట్టండి, ఇంట్లో అందరికీ విషయం తెలీదు.