అప్‌డేట్: జీన్స్ నడుము కుదిరింది

అనంతపురంలో కొన్న సెకండ్‌హ్యాండ్ జీన్స్ నడుము మా తమ్ముడి కోసం 34 నుంచి 32 అంగుళాలకు తగ్గించాలి, అదనపు బట్టను పక్కల్లో కుట్టులోకి పట్టాలా వెనక పట్టాలా అని ఇక్కడ అడిగాను కదా. మీరన్నట్టే వెనక మధ్య కుట్టులో పట్టాను. పక్కల్లో పట్టుంటే జేబులు వెనక్కి జరిగేవి. బెల్టు లూపు, నడుము పట్టీ, రెండు వరసల కుట్టు విప్పడానికే సాయంత్రమంతా పోయింది. కుట్టడం చిన్న పనే. మందం బట్టకు వాడే 16 నంబర్ సూది వేసి, మందంగా ఉన్న చోట మోటారు ఆపి చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కో కుట్టూ వేశాను. ఆ మందమైన చోటి ఉబ్బును ముందే సుత్తితో కొట్టి అణచమన్న అక్కకు దండం! క్లాక్ టవర్ దగ్గర దొరికిన పసుపు దారం కాస్త ముదురు రంగు, పర్లేదు. వెనక జేబులు కొంచెం దగ్గరయ్యాయి. తమ్ముడేమో ఖుషీగా ఇంకో జీన్స్ తెచ్చాడు, అది 38! ఒప్పుకోలేదు. ఆరంగుళాలు వెనకే పడితే జేబులు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి.