హోమ్ పేజీ బ్యానర్ ఎవరికి దక్కుతుంది: అర్హతకా, డబ్బుకా?

సరుకులబండి:
నేను ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లో సంచులు అమ్ముతాను. రేటింగు బాగుంది, ఆర్డర్లు గడువులోపే చేరుతున్నాయి, వాపసు వచ్చే సరుకు తక్కువ. అయినా హోమ్ పేజీ పైభాగపు బ్యానర్‌లో ఎప్పుడు చూసినా అవే పెద్ద బ్రాండ్లు కనిపిస్తాయి. విక్రేతల సహాయ కేంద్రాన్ని అడిగితే అర్హతను బట్టి ఎంపిక జరుగుతుందని చెప్పారు గాని, ఆ అర్హత ఏమిటో చెప్పలేదు. వేలమైతే వేలమని, ఎంపికైతే దాని కొలమానాలు ఇవని ముందుగా ప్రకటించవద్దా?

తక్కెడ:
ఇటువంటి సంస్థలో ప్రకటనల విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. హోమ్ పేజీ బ్యానర్లన్నీ ఒకే దారిన నిండవు. కొన్నింటిని మార్కెట్ తన సొంత సేల్ కోసం అట్టిపెట్టుకుంటుంది. వాటిలో ఏ సరుకు ఉండాలో కేటగిరీ మేనేజర్, అంటే ఆ రకం సరుకుల అమ్మకాలు చూసుకునే ఉద్యోగి, నిర్ణయిస్తాడు. తగ్గింపు ఎంత, గిడ్డంగిలో నిల్వ ఎంత, విక్రేత చేతులారా రద్దు చేసిన ఆర్డర్లు ఎన్ని అన్నవే అతడు ముందుగా చూస్తాడు. ఎందుకంటే అందరి కళ్లూ పడే చోట పెట్టిన సరుకు పూట గడవకముందే అయిపోతే ఆ చోటు వృథా. మిగిలినవి అమ్మకానికి పెట్టిన బ్యానర్లు. వాటిలో పైవి సాధారణంగా ముందస్తు ఒప్పందం మీద, రోజుల లెక్కనో వెయ్యి వీక్షణల లెక్కనో అమ్ముడవుతాయి. కనీస ఖర్చు, నమోదైన ట్రేడ్‌మార్కు, బ్యానర్ నొక్కితే తెరుచుకునే పేజీలో చూపడానికి సరిపడా సరుకులు ఉండాలన్న షరతులు పెడతారు. కింది గడులు ఎక్కువగా వేలంలో పోతాయి. మంచి రేటింగు ఉంటే లోపలికి రానిస్తారు, అంతే.

సరుకులబండి:
అయితే పై బ్యానర్ వేలం కాదని మీరే చెబుతున్నారు.

తక్కెడ:
పోటీ లేదని నేను అనలేదు. ఒప్పందపు ధర కూడా గిరాకీని బట్టే తేలుతుంది.

సరుకులబండి:
ఎదుటివాడు ఎంత పాడాడో తెలియని చోట ధర పోటీలో తేలిందని ఎలా నమ్మాలి? వేలమా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.

పిల్లకాలువ:
వేలమైనంత మాత్రాన ఎక్కువ పాడినవారికే చోటు దక్కదు. 1998లో గోటూ సంస్థ శోధన ఫలితాల్లో చోటును వేలానికి పెట్టినప్పుడు ధర ఎక్కువ పాడినవారే పైన ఉండేవారు. 2002లో గూగుల్ పాడిన ధరతో పాటు క్లిక్కులు వచ్చే తీరును కూడా లెక్కలోకి తీసుకుంది. ఇప్పటి మార్కెట్లలో ప్రాయోజిత చోట్లు, అంటే డబ్బు కట్టి పొందేవి, చాలావరకు ఆ బాటలోనే నడుస్తున్నాయి.

సరుకులబండి:
అది ఇంకా అన్యాయం. క్లిక్కుల చరిత్ర లేనివారికి చోటు రాదు, చోటు లేనివారికి క్లిక్కులు రావు. నా సంగతే చూడండి. కిందటి సేల్‌కు ముందు కేటగిరీ మేనేజర్ ఫోన్ చేసి, ధర బాగా తగ్గించి నిల్వ పెంచితే బ్యానర్‌లో పెడతామన్నారు. లాభం వదులుకుని తగ్గించాను, అప్పు చేసి సరుకు పంపాను. తీరా చూస్తే ఒకదాని తర్వాత ఒకటిగా బొమ్మలు మారే బ్యానర్‌లో చిట్టచివరి బొమ్మగా వేశారు. అంతదాకా ఎవరు ఆగి చూస్తారు? సరుకు గిడ్డంగిలోనే మిగిలింది, దాని అద్దె నేనే కట్టాను.

వానచినుకు:
మాకూ ఇదే జరిగింది.

తక్కెడ:
హోమ్ పేజీ ప్రతి ఒక్కరికీ వేరుగా కనిపిస్తుంది. చూసేవారి పాత కొనుగోళ్లను, వెతుకులాటలను బట్టి బొమ్మల వరుస మారుతుంది. మీ ఫోన్‌లో చివర కనిపించినది ఇంకొకరికి మొదట కనిపించి ఉండవచ్చు. ఒక్క తెరను చూసి తీర్పు చెప్పకండి. అసలు చిన్న విక్రేతకు బ్యానర్ మీద మోజే నష్టం. చూసేవారి కళ్లు బ్యానర్లను దాటవేస్తాయని బెన్వే, లేన్ అనే పరిశోధకులు 1998లోనే చూపించారు. సంచి కావాలని వెతుకుతున్న మనిషి ముందు ప్రకటన పెట్టుకుంటే అదే డబ్బుకు ఎక్కువ అమ్మకాలు వస్తాయి. ఇక న్యాయం సంగతి అంటారా, ఇల్లు కట్టినవాడు తన గోడను ఎవరికి అద్దెకిచ్చుకుంటే ఎవరు అడుగుతారు?

సరుకులబండి:
ఆ గోడ ముందు జనం ఎందుకు చేరారండీ? మా సరుకు కోసం కాదా? ప్రతి అమ్మకం మీద కమీషను కడుతున్నాను. కొనేవారికి కనిపించడం ఆ కమీషన్‌లో భాగమా, కాదా? భాగమైతే బ్యానర్‌కు అడిగే సొమ్ము రెండో వసూలు. కాకపోతే కమీషను దేనికి? ఇంతసేపూ వేలం గురించి వాదించాను గాని, నా కడుపుమంట ఇది.

తక్కెడ:
చెల్లింపుల నిర్వహణకు, తగాదాల పరిష్కారానికి, జాబితాలో చోటుకు కమీషను. ముందు వరుసలో చోటుకు కాదు. ప్రకటనల ఆదాయం లేకపోతే ఆ కమీషనే పెరుగుతుంది.

పిల్లకాలువ:
అమెజాన్‌కు 2023లో ప్రకటనల మీద దాదాపు 4,690 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ రాబడి వల్ల ఏ విక్రేతకు కమీషను తగ్గిందో చూపితే మీ మాట ఒప్పుకుంటాను.

అక్షరాలా:
మీరిద్దరూ దాటిపోతున్న అంశం ఒకటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2020 జూలై 12 నుంచి అమలవుతున్న 2019/1150 నిబంధన ప్రకారం, సరుకుల వరుసను నిర్ణయించే ముఖ్యమైన కొలమానాలను మార్కెట్లు తమ షరతుల్లోనే రాయాలి. విక్రేత సొమ్ము చెల్లించి ఆ వరుసను ప్రభావితం చేయగలిగితే ఆ సంగతీ వివరించాలి. అక్కడ నేరుగా కట్టే సొమ్ము ఒక్కటే కాదు, పరోక్ష ప్రతిఫలం కూడా లెక్కలోకి వస్తుంది. సరుకులబండి గారు బ్యానర్ కోసం వదులుకున్న లాభాన్ని మరి ఏమనాలి? డబ్బు కట్టిన బ్యానర్ మీద ప్రాయోజితమని రాసి, తగ్గింపు కట్టించుకున్న బ్యానర్ మీద ఏమీ రాయకపోతే, కొనేవారు దాన్ని మార్కెట్ చేసిన సిఫారసు అనుకుంటారు.

తక్కెడ:
తగ్గింపు కొనుగోలుదారు జేబులోకి వెళుతుంది, మార్కెట్ ఖజానాలోకి కాదు. దానిని చెల్లింపు అనడం నేను ఒప్పుకోను.

సరుకులబండి:
నా జేబులోంచి పోయిందిగా. ఆ తగ్గింపు చూసి వచ్చిన జనం పక్కనున్న పెద్ద బ్రాండు సరుకు కొంటే ఆ కమీషను ఎవరికి?

తక్కెడ:
ఇక దీనిపై మనకు పొత్తు కుదరదు. సరుకు పంపేముందు మాత్రం ఏ తేదీల్లో వేస్తారు, ఎన్నో బొమ్మగా వేస్తారు, కనీసం ఎన్ని వీక్షణలు ఇస్తారు అన్నవి ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు.

కొత్తమెట్టు:
సేల్ బ్యానర్‌కు కూడా కనీస వీక్షణలు రాసిస్తారా అండీ?

తక్కెడ:
డబ్బు కట్టిన ఒప్పందానికి రాసిస్తారు. సేల్ బ్యానర్‌కు రాసిచ్చిన సందర్భం నేనున్న రోజుల్లో చూడలేదు.