రోడ్డు పక్కన శాసనం రాయి: బోర్డు పెట్టాలంటే ఏది ముందు, ఏది తర్వాత?

మెట్టవాసి:
ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు వచ్చే దారిలో, మా పంచాయతీ పొలిమేరలో తారు అంచుకు పదడుగుల దూరాన ఒక శాసనం రాయి ఉంది. భూమి పైకి కనిపించేది నాలుగున్నర అడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. పైన సూర్యచంద్రులు, కింద పదమూడు పంక్తుల తెలుగు. ఇంకొన్ని పంక్తులు మట్టిలో ఉన్నాయి. ఎవరో అక్షరాల గాట్లలో తెల్ల ఎనామిల్ పూశారు. "శాలివాహన శకవర్షంబులు ౧౪" (14) వరకు స్పష్టంగా ఉంది. తర్వాతి అంకె ౩ (3) అని కొందరు, ౯ (9) అని కొందరు. చివరిది ౬ (6). ఆ వెంటనే "భావ సంవత్సర" అని ఉంది. రాజు పేరున్న చోట పెయింటు మందంగా పడింది.

రాయి చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి, గ్రిల్లు పెట్టి, "శ్రీకృష్ణదేవరాయల శాసనం, 1514" అని గ్రానైటు బోర్డు వేద్దామని ఊళ్లో అనుకుంటున్నారు. రోడ్డు వెడల్పు పని కూడా వస్తుందంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండన్నా: ఎవరి అనుమతి కావాలి, బోర్డు మీద ఏం రాయాలి, ఆ పెయింటు ఎట్టా తీయాలి?

శిలాలేఖ:
ముందు ఆ 1514ను పక్కన పెట్టండి. సంవత్సరం పేరుతో శక సంఖ్యను సరిచూసే లెక్క ఒకటుంది. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషమే ప్రభవ నుంచి లెక్కపెట్టిన వరుస సంఖ్య. శేషం సున్నా వస్తే అక్షయ. 1436కు 12 కలిపితే 1448, శేషం 8, ఎనిమిదోది భావ. సరిపోయింది కదా అనుకుంటారు. కానీ 1496కు 12 కలిపినా 1508, శేషం మళ్లీ 8. అదీ భావే! రెంటికీ మధ్య సరిగ్గా అరవై ఏళ్లు. కాబట్టి ఆ అంకె ౨ (2) కాదని, ౫ (5) కాదని సంవత్సరం పేరు తేల్చి చెబుతుంది గానీ, మీ ఊరి ౩, ౯ తగవును మాత్రం తీర్చదు.

ఒక మంచి సంగతేమంటే చివరి ౬ను నమ్మొచ్చు. శక సంఖ్య 6తో ముగిస్తే భావ, తారణ, జయ, క్రోధి, ఆనంద, రక్తాక్షి, ఈ ఆరింటిలో ఒకటే రావాలి. వేరే పేరు కనిపిస్తే అంకెనో పేరునో తప్పుగా చదివారన్నమాట. లేదా శాసనంలో గడిచిన ఏళ్ల సంఖ్య కాకుండా నడుస్తున్న ఏటి సంఖ్య వేసి ఉంటారు, అప్పుడు ఒక్క ఏడాది తేడా వస్తుంది.

శక 1436 అంటే 1514-15, కృష్ణదేవరాయలు ఉదయగిరిని గజపతుల నుంచి గెలుచుకున్న రోజులు. ఊళ్లో అందరికీ ఆ ఏడే తోచడానికి కారణం అదే. శక 1496 అంటే 1574-75. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుగొండకు మారి, ఆరవీటి శ్రీరంగరాయలు ఏలుతున్న కాలం. "రాజాధిరాజ రాజపరమేశ్వర వీరప్రతాప" బిరుదులు ఇద్దరికీ ఉంటాయి, వాటిని చూసి తీర్పు చెప్పొద్దు. "సింహాసనారూఢులై" అన్న మాటకు ముందు విజయనగరం ఉందా పెనుగొండ ఉందా చూడండి. పెనుగొండ అని ఉంటే 1436 పక్కకు పోయినట్టే. నెల, తిథి, వారం మూడూ దొరికితే రెండేళ్లకూ పంచాంగ గణితం చేయించండి. వారం ఏ ఏడుతో కలుస్తుందో తెలుస్తుంది, కాకపోతే ఏడింట ఒకసారి అది కాకతాళీయంగానూ కలుస్తుంది. ఇంగ్లీషు సంవత్సరం రాసేటప్పుడు శకానికి 78 కలపాలి. మాఘ, ఫాల్గుణ మాసాలైతే 79. పుష్యమైతే తిథిని బట్టి చూసుకోవాలి.

కొన్ని రాళ్ల మీద అంకెలే ఉండవు, "రస గుణ వేద శశి" లాంటి మాటలుంటాయి. రస 6, గుణ 3, వేద 4, శశి 1. కుడి నుంచి ఎడమకు చదివితే 1436. మీ రాయి మీద పద్యమేమైనా కనిపిస్తే ఇలాంటి మాటల కోసం వెతకండి, ఆ అంకె గొడవ అక్కడే తీరిపోవచ్చు.

పెయింటు ఉన్న రాయిని ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే లాభం లేదు. పెయింటు వేసినవాడు ఏ అక్షరం అనుకున్నాడో అదే కనిపిస్తుంది. రాత్రిపూట టార్చిని రాతికి దాదాపు ఆనించి, పది పదిహేను డిగ్రీల వాలులో ఎడమ, కుడి, పైన, కింద నుంచి వేస్తూ నాలుగు ఫొటోలు తీయండి. ఫోను కదలకూడదు, టార్చి మాత్రమే కదలాలి. ఇంకా మంచిది, మబ్బు పట్టిన పగలు 60 నుంచి 80 ఫొటోలు తీయడం. ఒక్కో ఫొటోలో మూడింట రెండొంతులు ముందు ఫొటోలోదే ఉండాలి. వాటితో త్రీడీ నమూనా చేసి, అందులో రంగు తీసేసి ఆకారం మాత్రమే చూడాలి. ఎనామిల్ మందంగా పడ్డచోట గాటు పూడిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఇదీ కొంతవరకే. సుద్దముక్కతో అక్షరాలు దిద్ది ఫొటో తీయడం మాత్రం వద్దే వద్దు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది పాత నకలు ఉందేమో చూడటం. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు భాగాలుగా అచ్చయ్యాయి. తాలూకాల వారీగా ఉంటాయి, ఉదయగిరి తాలూకా చూడండి. మీ రాయి అందులో ఉంటే పెయింటు పడకముందు చదివిన పాఠం దొరుకుతుంది. ఇప్పుడు మట్టిలో ఉన్న పంక్తులు కూడా ఉండొచ్చు. ప్రకాశం జిల్లావాళ్లకూ ఇదే మాట: ఆ జిల్లా ఏర్పడింది 1970లో కాబట్టి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి రాళ్లు ఈ నెల్లూరు సంపుటాల్లోనే ఉంటాయి. మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లా, అక్కడివి వీటిలో వెతకొద్దు. పుస్తకంలో లేకపోతే మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి ఫొటోలు పంపండి. 1887 నుంచి వాళ్ల వార్షిక నివేదికలున్నాయి, నకలు తీసి ఉంటే నంబరు చెబుతారు.

రోడ్డుమనిషి:
అనుమతి సంగతి. ముందు ఆ రాయి కేంద్ర రక్షిత జాబితాలో ఉందా, రాష్ట్ర జాబితాలో ఉందా తేల్చుకోండి. కేంద్రానిదైతే 1958 చట్టం, 2010 సవరణ ప్రకారం 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ బోర్డు గుంతకైనా అడగాలి. రాష్ట్రానిదైతే 1960 చట్టం ఉంది. రోడ్డు పక్క రాళ్లు ఎక్కువగా ఏ జాబితాలోనూ ఉండవు. అలాంటప్పుడు భూమి ఎవరిదన్నదే ప్రశ్న. తారు అంచుకు పదడుగులంటే అది దాదాపు రోడ్డు హద్దులోనే ఉంటుంది. ఆర్‌ అండ్ బీ రోడ్డో పంచాయతీరాజ్ రోడ్డో కిలోమీటరు రాయి రంగు చూస్తే ఒక అంచనాకు రావచ్చు: పైభాగం పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) చూపించుకుంటే ఖాయం.

పంచాయతీ తీర్మానం చేసి, దాని నకలు జోడించి ఆ రోడ్డు చూసే సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఒక అర్జీ, రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక అర్జీ పెట్టండి. "ఊరి బయట చింతచెట్టు దగ్గర" అని రాస్తే ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు. చైనేజీ రాయాలి: ఏ కిలోమీటరు రాయి దాటాక ఎన్ని మీటర్లు, ఎడమా కుడా, రోడ్డు మధ్యగీత నుంచి రాతికి ఎన్ని మీటర్లు, సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు. పక్కన టేపు పెట్టి తీసిన ఫొటో రెండు వైపుల నుంచి ఉండాలి.

వెడల్పు పని అంచనా తయారు కాకముందే ఈ అర్జీ ఇంజినీరు చేతిలో ఉండటం ముఖ్యం. ప్లానులో ఆ రాయి ఒక గుర్తుగా పడితే కాంట్రాక్టరు తప్పుకుని పోతాడు. పడకపోతే జేసీబీకి అదీ ఒక బండే. ఇంకో ప్రమాదం ఎవరికీ తట్టదు: రోడ్డు ఎత్తు పెంచినప్పుడు రోడ్డు భుజానికి, అంటే తారు పక్కన ఉండే మట్టి అంచుకు, గ్రావెల్ పోస్తారు, రాయి మరో అడుగు పూడుతుంది. ఉన్న పదమూడు పంక్తుల్లో కింది మూడు నాలుగు అట్టే పోతాయి.

చీమకుర్తి రాయి:
బోర్డు గురించి నేను చెబుతా. మన దగ్గర గెలాక్సీ గ్రానైటు సులువుగా దొరుకుతుంది కాబట్టి అందరూ అదే తెస్తారు. వంటగట్టుకు బాగుంటుంది, చదివే బోర్డుకు కాదు. బంగారు చుక్కల మధ్య సన్నటి అక్షరం కనిపించదు, పాలిషు మీద ఎండ పడి కళ్లు జిగేలుమంటాయి. చుక్కల్లేని నల్లరాయి తీసుకుని, పాలిషు కాకుండా హోనింగ్ చేయించండి, మెరుపు ఉండదు. నాలుగడుగులు, మూడడుగులు, 40 మిల్లీమీటర్ల మందం పలక బరువు సుమారు 130 కిలోలు. నలుగురు లేకుండా ఎత్తొద్దు.

అక్షరం లోతు కనీసం 2 మిల్లీమీటర్లు. శీర్షిక అక్షరం 75 మిల్లీమీటర్లు, కింది పాఠం 22 నుంచి 25. తెలుగుకు ఒత్తులు ఉంటాయి కాబట్టి పంక్తికీ పంక్తికీ మధ్య ఇంగ్లీషుకు ఇచ్చే జాగా చాలదు. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పైనే ఇవ్వాలి, లేకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి అక్షరం గుడికి (ఇకారం గుర్తుకు) తగులుతుంది. అసలు తలనొప్పి ఫాంటు. మీరు ఫోనులో టైపు చేసింది యూనికోడ్, చెక్కేవాళ్ల కంప్యూటర్లో ఉండేవి "అను" అనే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు. మార్చేటప్పుడు క్ష, ర్వ, స్త్ర లాంటివి విడిపోతాయి, అంకెలు ఎగిరిపోతాయి. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇచ్చి, అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీయించి, ఇద్దరు విడివిడిగా చదివి సంతకం పెట్టాకే మిషను మీదికి పంపండి. రాతిలో దిద్దుబాటు ఉండదు.

మీ మెట్టలో ఎర్రనేలైతే స్తంభాల గుంత రెండున్నర అడుగులు చాలు. కందుకూరు, ఒంగోలు వైపు నల్లరేగడైతే నాలుగడుగులు దింపి, చుట్టూ ఇసుకో గ్రావెలో నింపాలి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, పైపైన పాతిన స్తంభం రెండేళ్లలో పక్కకు వాలుతుంది. నెల్లూరు తీరాన తుపాను గాలికి లెక్కగట్టే వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల తోపు. ఫ్లెక్సీ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

మెట్టవాసి:
అందరికీ దండాలు. 1905 సంపుటం కోసం అడుగుతున్నాం. దిమ్మె వద్దన్నట్టేనా? పెయింటు సంగతి ఎవరూ చెప్పలేదు.

శిలాలేఖ:
దిమ్మె వద్దు. రాతి మొదట్లో సిమెంటు పోస్తే నేలలోని చెమ్మ పక్కకు పోలేక రాతిలోంచే పైకి పాకుతుంది. దానితో వచ్చిన లవణం నేలకు అడుగెత్తులో గట్టిపడి పొరలు ఊడతాయి, సరిగ్గా అక్షరాలున్న చోటే. బదులుగా చుట్టూ ఆరంగుళాల మందాన కంకర, నీళ్లు బయటికి పోయేలా వాలు. గ్రిల్లు కావాలంటే రాతికి మూడడుగుల ఎడంగా వేయండి, తుప్పునీళ్లు రాతి మీద పడకూడదు.

ఎనామిల్ జోలికి మీరు పోవద్దు. బ్లేడు, ఇనుప బ్రష్షు, యాసిడ్, ప్రెషర్ వాషర్, ఏదైనా సరే పెయింటుతో పాటు గాటు అంచును తీసేస్తుంది. యాసిడ్ అయితే రాతిలోని ఇనుము పసుపుపచ్చ మరకలుగా బయటికొస్తుంది. పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్లు చేయాల్సిన పని అది, అర్జీలోనే అడగండి. దుమ్ము, పసుపు మాత్రం మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్షుతో మీరే కడగొచ్చు. సబ్బు వద్దు.

మిగతా పంక్తుల కోసం తవ్వకండి. రాయి ఒరిగితే ఒక బాధ. గుప్తనిధుల కోసం తవ్వుతున్నారని ఊళ్లో పుకారు లేస్తే అంతకన్నా పెద్ద బాధ. అందుకే బోర్డు మీద "దానం", "భూమి" ఏమైనా రాయండి గానీ "నిధి" అన్న మాట ఎక్కడా రానివ్వొద్దు.

బోర్డు పాఠం నలభై యాభై మాటలు దాటితే ఆగి చదివేవాడుండడు. రాయి చెప్పిందే రాయండి, ఊరి కథ కావాలంటే విడిగా "స్థానికుల కథనం" అని పెట్టండి. సంవత్సరం తేలేలోపు ఇట్టా ఉండొచ్చు:

"తెలుగు శాసనం. విజయనగర కాలం, 16వ శతాబ్దం. శక సంఖ్యలో ఒక అంకె చెరిగింది, సంవత్సరం పేరు భావ. పైనున్న సూర్యచంద్రులు 'ఆచంద్రార్కం', అంటే దానం ఎప్పటికీ చెల్లాలన్న గుర్తు. దయచేసి రంగు, పసుపు, సున్నం పూయకండి."

1436 అయినా 1496 అయినా 16వ శతాబ్దమే కాబట్టి ఈ బోర్డు రేపు అబద్ధం కాదు. సూర్యచంద్రులు దానశాసనాల మీదే కాదు, వీరగల్లుల (పోరులో చనిపోయిన వీరుల స్మారక శిలల) మీదా ఉంటాయి. "దానం" అన్న మాట పాఠంలో కనబడ్డాకే ఆ వాక్యం ఉంచండి.

రోడ్డుమనిషి:
ఒక్క మాట. పని మొదలయ్యాక రాయి నిజంగా అడ్డొస్తే "గుడి దగ్గరికి జరిపేద్దాం" అని ఎవరో ఒకరంటారు. పురావస్తు శాఖ నుంచి రాతపూర్వకంగా రాకుండా ఒప్పుకోవద్దు. జరపాల్సి వస్తే మాత్రం పాత స్థానం కొలతలు, రాయి ముఖం ఏ దిక్కుకు ఉందో ముందే రాసిపెట్టండి. పొలిమేర రాయైతే అది నిలబడ్డ చోటూ సాక్ష్యమే. ఎత్తేటప్పుడు గొలుసు కట్టనివ్వొద్దు, గోనెసంచులు చుట్టి వెడల్పాటి నైలాన్ బెల్టులు రెండు వేయించండి. బకెట్ పళ్లతో పెకలించనివ్వకుండా చుట్టూ మనుషులే పారతో తవ్వాలి. మట్టిలో దిగిన భాగం పైకి కనిపించే దానిలో సగం వరకూ ఉండొచ్చని లెక్కవేసుకుని గుంత ఆ లోతుకు తీయండి.